చింతపండు నీళ్ళలో ఉక్కు గుల్లలు

ఈ సంగతి నేను ఇంగ్లీషులో చాలాసార్లు చెప్పాను. మా షూటింగ్ క్లబ్బు సెక్రటరీకి మెయిల్లో చెప్పాను, ఎదురుపడినప్పుడు చెప్పాను, కార్ పార్కులో వానలో నిలబడి చెప్పాను. ఒక్కరూ పట్టించుకోలేదు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రార్థన అంశంగా చెబితే నవ్వారు. ఇంట్లో చెబితే టీవీ సౌండు పెంచారు. ఇక ఎవరి దయా నాకక్కర్లేదు. నా భాషలో, మొదటినుంచి, వరసగా రాస్తున్నాను. ఇక్కడైతే మధ్యలో "టీ రెడీ" అని ఎవరూ లేచిపోలేరు.

నేను కార్క్ నగరం పక్కనున్న రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తాను. శనివారాలు పిస్తోలు కాలుస్తాను. ఈ మాట అనగానే మనవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఏమీ లేదు, దూరాన ఒక కాగితం ఉంటుంది, దాని మీద గుండ్రటి గీతలుంటాయి, నడిమి గీతలోకి కొట్టాలి. ఊపిరి బిగబట్టి ఆ కాగితం వైపు చూస్తున్నంతసేపూ వారమంతా నన్ను విసిగించిన పంపులూ వాల్వులూ సూపర్‌వైజర్లూ గుర్తుకురారు. నాకున్న సుఖం అదొక్కటే.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఒకాయన నన్ను ఆ క్లబ్బుకు తీసుకెళ్ళాడు. మొదటిరోజు ఆయన కారు పెడుతుంటే నేను గేటు దగ్గర నిలబడ్డాను. లోపల్నించి వచ్చిన మనిషి నన్ను చూసి, "ఆహ్, బాయిలర్ కోసం వచ్చావా? వెనకాల ఉంది, వెళ్ళు" అన్నాడు. వెళ్ళాను. నిజంగానే వాల్వు కారుతోంది. బిగించి వచ్చాను. థాంక్స్ అన్నవాడు లేడు. ఆ వాల్వు ఈ రోజుకీ మళ్ళీ కారలేదు.

అప్పట్లో పెద్ద తూటాల పిస్తోలుకు లైసెన్సు ఇచ్చేవారు. నాకూ ఇచ్చారు. తర్వాత చట్టం మారింది. అప్పటికే ఉన్నవాళ్ళది ఉండనిచ్చారు, కొత్తవాళ్ళకు ఇవ్వడం మానేశారు. ఉన్నవాడు ఒక్కసారి జారవిడుచుకుంటే వాడూ కొత్తవాడి కిందే లెక్క, ఇక జన్మలో రాదు. కొన్నేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ సమయంలో గార్డులు, ఇక్కడ పోలీసులను అందరూ అలాగే అంటారు, క్లబ్బును అడుగుతారు: ఈ మనిషి వస్తున్నాడా, కాలుస్తున్నాడా, జాగ్రత్తగల మనిషేనా? నా రెన్యువల్ వచ్చే చలికాలం మొదట్లో ఉంది. నా గొడవంతా దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

రెండో సంగతి నా మణికట్టు. ఫ్యాక్టరీలో ఒక పైపు జారి కుడిచేతి మణికట్టు మీద పడింది. ఎముక అతికింది గానీ బలం తిరిగి రాలేదు. మా జీపీ డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి "గ్రాండ్" అన్నాడు, ఇక్కడ బాగుందనడానికి అదే మాట. ఆయనకు గ్రాండే, చెయ్యి ఆయనది కాదు కదా. దుకాణంలో కొన్న తూటా పేలితే పిస్తోలు వెనక్కి తన్నే తన్నుకు నా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మెత్తటి తూటాలైతే కాల్చగలను. మెత్తటివి మా దుకాణాల్లో దొరకవు. తయారుచేసుకోవాలి.

తూటా కాల్చాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, గుల్ల మిగులుతుంది. ఆ గుల్లను కడిగి, డై అనే అచ్చులో పెట్టి ప్రెస్సు మీటతో నొక్కి మళ్ళీ సైజుకు తెచ్చి, కొత్త మందూ కొత్త గుండూ పెడితే మళ్ళీ తూటా అవుతుంది. ఇక్కడ ఇంట్లో చేసుకోవడానికి వీల్లేదు. మా క్లబ్బుకు అనుమతి ఉన్న గది ఒకటి ఉంది, దాన్ని బెంచీ గది అంటాం. అక్కడే, వాళ్ళ కళ్ళముందే చేసుకోవాలి. ఖాళీ గుల్ల కూడా గేటు దాటకూడదు. ఆ గది తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంటాయి. ఒకరు బెంచీ పెద్దాయన, ఒకప్పుడు ట్రాక్టర్లు బాగుచేసేవాడు. రెండోవారు సెక్రటరీ, రిటైరైన స్కూలు టీచరమ్మ. ఇప్పటికీ నాతో మాట్లాడుతుంటే చివరి బెంచీ కుర్రాడితో మాట్లాడినట్టే ఉంటుంది.

ఇక గుల్లలు. ఇత్తడివి ఉంటాయి, ఉక్కువి ఉంటాయి. ఇత్తడి చెప్పినట్టు వింటుంది, అచ్చులో చక్కగా ఒదుగుతుంది. ఉక్కు బిరుసు, పైగా తుప్పు పట్టకుండా పూత ఉంటుంది. చాలామంది ఉక్కువాటిని ఏరి పారేస్తారు. పూత చెడని ఉక్కు గుల్లను మంచి డైలో జాగ్రత్తగా ఒకటి రెండుసార్లు నింపుకోవచ్చని నా వాదన. ఇత్తడి దొరక్క అందరూ ఏడుస్తున్న రోజుల్లో ఈ మాట పెద్దాయనతో అన్నాను.

"ఉక్కా? ఉక్కుతో మేకులు చేసుకో పో" అన్నాడు.

వదల్లేదు. శనివారం తరవాత శనివారం అడిగాను. చివరికి ఒకరోజు, నా నోరు మూయించడానికే, "సరే, కొన్ని చెయ్యి, నేను పక్కన నిలబడతా" అన్నాడు. చేశాను. మీట నొక్కుతుంటే మణికట్టు మూలిగింది గానీ గుల్ల అచ్చులోంచి శుభ్రంగా బయటికి వచ్చింది. కాల్చాం. అన్నీ పేలాయి, దేనికీ పగులు లేదు. పెద్దాయన కూడా రెండు కాల్చి, "షుర్, బానే ఉన్నాయి" అన్నాడు. తర్వాత నలుగురిలో ఆ సంగతెత్తితే, "నేనలా అన్నానా? నాకు గుర్తు లేదే" అన్నాడు. నాకు గుర్తుంది. ఆకుపచ్చ స్వెటర్ వేసుకున్నాడు, మోచేతి దగ్గర చిరిగి ఉంది.

అప్పట్నించి క్లబ్బులో నాకు 'ఉక్కు మనిషి' అని పేరు పెట్టారు. పొగడ్త అనుకోకండి. కింద రాలిన ఉక్కు గుల్ల ఎవరికి కనబడినా తెచ్చి నా టీ కప్పు పక్కన పెట్టేవాళ్ళు. అది వాళ్ళకు హాస్యం.

పోయిన చలికాలంలో గుల్లలు శుభ్రంచేసే యంత్రం చెడిపోయింది. కొత్తది కొనడానికి కమిటీ కూర్చోవాలట. మసిపట్టిన గుల్లలు బకెట్లలో పేరుకుపోతున్నాయి. మా అమ్మ మా ఊరి చర్చిలో ప్రభువు బల్ల మీది ఇత్తడి పళ్ళేలూ కొవ్వొత్తుల స్తంభాలూ క్రిస్మస్ ముందు చింతపండుతో తోమేది. నేను పక్కన కూర్చుని నీళ్ళు పోసేవాణ్ణి. ఇత్తడి ఎక్కడైనా ఇత్తడే. మరుసటి శనివారం ఇంట్లోంచి చింతపండు ముద్ద తీసుకెళ్ళి క్లబ్బు టీ గదిలో, సింకు పక్కన, వేడినీళ్ళలో నానబెట్టాను.

సెక్రటరీ వచ్చి వంగి చూసింది. "ఏమిటిది? ఖర్జూరమా?"

"కాదండీ, టామరిండ్."

గిల్లి నోట్లో వేసుకుంది. "జీజస్, మేరీ అండ్ జోసెఫ్!" అని కళ్ళు మూసుకుని, "మీరు దీన్ని తింటారా?" అంది.

"తింటాం. దీనితో తోముతాం కూడా."

"అదే మంచి పని" అంది.

గుల్లలను పిసికి కడిగి టవల్ మీద పరిస్తే ధగధగలాడాయి. పెద్దాయన ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూసి, "గ్రాండ్" అన్నాడు. అందరూ గ్రాండ్ అన్నారు. ఆ యంత్రం బాగుచేయించడం గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు, ఎందుకు మాట్లాడతారు, నేనున్నాను కదా. వారంవారం ముద్దలు ముద్దలు మోశాను. టీ గది బోర్డు మీద 'కర్రీ వాష్ - శనివారం' అని రాశారు. చింతపండులో కర్రీ ఎక్కడుందండీ అని అడిగాను. "ఆహ్, నీకు తెలుసులే మేమేమంటున్నామో" అన్నారు. నాకు తెలుసు.

అసలు గొడవ ఒక బకెట్టుతో మొదలైంది. దగ్గర్లో ఒక చిన్న క్లబ్బు మూసేస్తూ తమ గుల్లలన్నీ మాకు ఇచ్చేసింది. అన్నీ పచ్చగా మెరుస్తున్నాయి.

"అన్నీ ఇత్తడే. అదృష్టం" అన్నాడు పెద్దాయన.

"ఒకసారి అయస్కాంతం పెట్టి చూద్దామండీ. ఉక్కు మీద ఇత్తడి రంగు పూసినవి కూడా ఉంటాయి" అన్నాను.

"నాకు కళ్ళున్నాయయ్యా."

"కళ్ళకు కనబడకుండా ఉండడానికే కదండీ పూత పూసేది."

"విన్నారా లాడ్స్, ఉక్కు మనిషికి కలలో కూడా ఉక్కే!" అన్నాడు. అందరూ నవ్వారు.

మా ఫ్రిజ్ మీది అయస్కాంతం ఆ వారమే ఇంట్లోంచి తెచ్చి టీ గదిలో పెట్టాను, ఇలాంటి అవసరం వస్తుందనే. వెళ్ళి చూస్తే సెక్రటరీ దానితో పాలు ఎవరు తేవాలో రాసిన కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించింది. అడిగాను. "అది తీస్తే పాలు ఎవరు తేవాలో ఎవరికి తెలుస్తుంది? ఇత్తడేనని పెద్దాయన చెప్పాడుగా, నానబెట్టు" అంది. నానబెట్టాను. వాళ్ళు చెబితేనే నానబెట్టాను. ఈ వాక్యాన్ని దయచేసి రెండుసార్లు చదవండి.

రేంజి మీద, అంటే కాల్చే చోట, నా వంతు ముగించుకుని వచ్చేసరికి నీళ్ళు నల్లబడ్డాయి, సిరా కలిపినట్టు. ఇనప మూకుట్లో పులుసు కాచినవాళ్ళెవరికైనా ఆ నలుపు తెలుసు. మా ఇంట్లో ఆ మూకుడు దగ్గరికి చింతపండు రానిచ్చేవారు కాదు. ఇత్తడి చింతపండుకు మెరుస్తుంది, ఇనుము నల్లబడుతుంది. అయస్కాంతంతో పని లేకుండానే నీళ్ళు సాక్ష్యం చెప్పేశాయి. అయినా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి అయస్కాంతం లాగాను. పాల కాగితం కిందపడింది, పడనీ. బకెట్లో ముంచి తీస్తే గుల్లలు గుత్తులుగా అతుక్కుని వచ్చాయి. వాటి పచ్చపూత పోయి మచ్చలుమచ్చలుగా లోపలి ఉక్కు బయటపడింది. పూత పోయిన ఉక్కు ఇక దేనికీ పనికిరాదు. ఆ మాట అందరికంటే ముందు చెప్పేవాణ్ణి నేనే, ఎందుకంటే ఉక్కు గుల్లల సంగతి అక్కడ పట్టించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

వాటన్నిటినీ ఏరి, టీ గదిలో ఖాళీగా పడున్న బిస్కెట్ల డబ్బాలో వేసి, టేపు అంటించి, దాని మీద లావుపాటి మార్కర్‌తో 'ఉక్కు. నింపవద్దు' అని ఇంగ్లీషులో రాసి, బెంచీ గదిలో పైఅరలో పెట్టాను. పెద్దాయన రేంజి మీద, చెవులకు రక్షణ పెట్టుకుని ఉన్నాడు. దగ్గరికి వెళ్ళి, డబ్బా పెట్టిన వైపు వేలు చూపించి, "ఉక్కు, పైఅర" అన్నాను. బొటనవేలు ఎత్తాడు.

తర్వాతి శనివారం నాకు ఫ్యాక్టరీలో డ్యూటీ పడింది, వెళ్ళలేదు. ఆ పై శనివారం వెళ్ళాను. టీ గదిలో టేబుల్ మీద బిస్కెట్లు ఉన్నాయి. ఒకటి తీసుకుని కొరికాను. రెండోది తీసుకుంటుంటే డబ్బా చూశాను. అదే డబ్బా. మూత మీద టేపు పీకేసిన జిగురు మరక ఇంకా ఉంది. నోట్లో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది. "ఇందులో ఉన్నవి ఏమయ్యాయి?" అని అడగబోయేలోపే బెంచీ గదిలోంచి పెద్దాయన కేక వినబడింది.

ప్రెస్సు మీట సగంలో బిగుసుకుపోయింది. డైలో ఒక గుల్ల ఇరుక్కుంది. లాగి, కొట్టి, తిట్టి బయటికి తీశారు. ఎర్రటి తుప్పు. ఇక్కడి గాలికి తాళం వేసిన సైకిళ్ళే తుప్పు పడతాయి, పూత పోయిన తడిగుల్లకు రెండు వారాలు చాలదా? డై లోపల గీత పడింది. తర్వాత నొక్కిన ప్రతి ఇత్తడి గుల్ల మీదా ఆ గీతే. బకెట్లో చెయ్యి పెట్టి చూస్తే ఇంకా ఉన్నాయి, నేను ఏరి పెట్టినవన్నీ, ఇత్తడివాటితో కలిసిపోయి.

అందరూ నా వైపు తిరిగారు. పెద్దాయన ఆ తుప్పు గుల్లను నా టీ కప్పు పక్కన పెట్టాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నీ ఉక్కు" అన్నాడు.

"ఏరి డబ్బాలో పెట్టింది నేనే. మీకు చెప్పాను కదండీ!"

"నాకేం చెప్పలేదు."

"బొటనవేలు ఎత్తారు!"

"అందరికీ ఎత్తుతాను."

"డబ్బా ఖాళీ చేసిందెవరు?" అని సెక్రటరీని అడిగాను.

"ఇప్పుడు అది కాదు ముఖ్యం" అంది, బిస్కెట్ల మూత పెడుతూ.

అదే ముఖ్యం. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

ఆ సాయంత్రమే నన్ను బెంచీ గదికి రావద్దన్నారు, 'ప్రస్తుతానికి'. చింతపండు కూడా వద్దన్నారు. ఆ ప్రస్తుతం ఇంకా నడుస్తూనే ఉంది. బెంచీ లేకపోతే మెత్తటి తూటా లేదు. మెత్తటి తూటా లేకపోతే నా మణికట్టుతో నేను కాల్చలేను. కాల్చనివాడికి రెన్యువల్ రాదు. ప్రతి శనివారం వెళ్ళి, దుకాణం తూటాలు రెండు మూడు కాల్చి, మణికట్టు పట్టుకుని కూర్చుంటున్నాను, వచ్చానని అనిపించుకోవడానికి.

తట్టుకోలేక మా తెలుగు సంఘంలో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు లేచి చెప్పాను. ముందు వరసలోని ఆంటీ ఒకావిడ వెనక్కి తిరిగింది.

"తుపాకీ దేనికి బాబూ? పిట్టల్ని కొడతావా?"

"లేదాంటీ. కాయితాన్ని."

"కాయితానికి తుపాకీ ఎందుకయ్యా, కత్తెర చాలదూ?"

పాస్టరుగారు కూడా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత 'మన సహోదరుడి మనశ్శాంతి కోసం' అని ప్రార్థించారు. నేను అడిగింది మనశ్శాంతి కాదు.

క్లబ్బు వార్షిక సమావేశంలో చివర్న 'ఇతర విషయాలు' అన్నప్పుడు లేచి నిలబడ్డాను. "బెంచీ గది పైఅరలోని డబ్బాను బకెట్లో ఒంపిందెవరు? తాళం మీ ఇద్దరి దగ్గరే ఉంటుంది కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను" అన్నాను. పెద్దాయన కిటికీలోంచి వాన చూశాడు. సెక్రటరీ వాచీ చూసుకుంది. "సమయం అయిపోయింది. టీ రెడీగా ఉంది" అంది. కుర్చీలు కదిలాయి. నేను నిలబడే ఉన్నాను, మడతపెట్టడానికి నా కుర్చీ కూడా తీసుకెళ్ళారు.

పోయిన శనివారం సెక్రటరీ కార్ పార్కులో నా దగ్గరికి వచ్చింది. గొంతు చాలా మెత్తగా ఉంది.

"ఇలా చూడు. ఆ పుల్లటిదాని వల్లే తుప్పు పట్టిందని, నీ పొరపాటేనని కమిటీకి ఒక్క మాట చెప్పెయ్. వచ్చే శనివారానికి నువ్వు మళ్ళీ బెంచీలో ఉంటావు. అంతా గ్రాండ్."

"మరి డబ్బా సంగతి?"

"ఆ డబ్బా గురించి మర్చిపో."

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ నర్సు, నైట్ డ్యూటీకి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

"చెప్పెయ్యండి మరి. ఒక్క సారీ అంటే మీ సొమ్మేం పోయింది?"

"చెయ్యనిదానికి సారీ ఏంటి?"

"మొన్న నామీద అరిచినందుకు చెప్పలేదు గదా, అది ఇక్కడ చెప్పినట్టు అనుకోండి."

మా అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "డాడ్, ఇట్స్ అ బిస్కెట్ టిన్. లెట్ ఇట్ గో" అంది. పుట్టింది ఇక్కడే, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం కార్క్ యాసలో.

నేను ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని ఇద్దరికీ విడమరిచి చెప్పాను. రెన్యువల్ అప్పుడు గార్డులు క్లబ్బును అడిగేది ఒకటే కదా, జాగ్రత్తగల మనిషేనా అని. తుప్పు పట్టిన గుల్లలను మంచివాటిలో కలిపాను అని నా నోటితో నేనే ఒప్పుకుంటే వాళ్ళేం చెబుతారు? బెంచీ తిరిగొస్తుంది, లైసెన్సు పోతుంది. ఒప్పుకోకపోతే బెంచీ రాదు, కాల్చలేను, అలాగైనా లైసెన్సు పోతుంది. నా అబద్ధం నన్ను కాపాడదు. ఇంకొకరి నిజం ఒక్కటే కాపాడుతుంది.

మా ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా వైపు తిరిగింది. "అయితే ఒప్పుకోవద్దు. కానీ వాళ్ళు చెబుతారంటారా?" అంది. ఇన్ని నెలల్లో ఈ ఇంట్లో నన్ను అడిగిన మొదటి సరైన ప్రశ్న అది.

అందుకే సెక్రటరీగారూ, పెద్దాయనా, మీ ఇద్దరినీ అడుగుతున్నాను. తెలుగు రాదని తప్పించుకోకండి, చదివి చెప్పేవాళ్ళు కార్క్‌లో కావలసినంతమంది ఉన్నారు, లేకపోతే నేనే వచ్చి చదువుతాను. బిస్కెట్లకు డబ్బా కావలసి వచ్చిందా? సరే, తీసుకున్నారు. మూత మీద రాసింది చదవలేదా? అదీ సరే, ఎవరికైనా జరుగుతుంది, నేను కోప్పడను. కోప్పడతాను గానీ తర్వాత తగ్గుతాను. కమిటీ ముందు ఒక్క వాక్యం చాలు: ఏరి విడిగా పెట్టింది ఇతను, కలిపింది మేము అని. చలికాలం వచ్చేస్తోంది. మీ ఇద్దరిలో ఆ డబ్బా ఒంపింది ఎవరు? ఈసారి వాచీ చూసుకోకుండా, వాన చూడకుండా, నా మొహం చూసి జవాబు చెప్పండి.